శకుంతలమ్మ వీణ మీద నాయన చెయ్యి

ఇవాళ సాధనకు కూర్చుని, తీగ మీద జారడానికి ఎడమచేతి వేళ్ళకు కొబ్బరినూనె రాసుకున్నాను. ఆ వాసనకు శకుంతలమ్మ టీచరు గుర్తొచ్చారు. నగరిలో బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన ఆమె సాయంత్రాలు తన ముందుగదిలో వీణ నేర్పేవారు. మాది మరమగ్గాల ఇల్లు. ఆ టకటక వినీ వినీ మా నాయనకు చెవులు దాదాపు పోయాయి. నాకేమో టీచరు ఇంటి ముందు నడుస్తుంటే చాలు, మాట ఒక్కటీ లేని ఆ వీణ గుండె పట్టుకుని లాగేది. నాయన కాళ్ళావేళ్ళా పడి చేరాను.

మూడో నెలలో ఒకరోజు, ఆమె కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళినప్పుడు తీగ బిగించే బిరడా ఎక్కువ తిప్పేశాను. తీగ టప్పున తెగింది. భయంతో ఏం చేశానో తెలుసా? మగ్గం మీద పోగు తెగితే వేసే ముడి వేశాను! నేతవాళ్ళ పిల్లను కదా, నా చేతులకు అదే తెలుసు. టీచరు వచ్చి ముడి చూసి పకపకా నవ్వారు.

"ముడి భలే ఏసినావు పాపా. సీరైతే కట్టుకోనుందును."

సంగతి తెలిసి నాయన మరుసటిరోజు నాతోపాటే వచ్చాడు. వీధంతా వినబడేలా అరిచాడు.

"టీచరమ్మా, ఈ బిడ్డ మీ వీణ చెడగొట్టినాది. ఇంక పంపను. నేర్చుకుంటాండాదో, ఆటలాడతాండాదో నాకు యాడ తెలుస్తాది? యినపడి సస్తే గదా!"

నాకు ఏడుపొచ్చేసింది. వీణ పోతున్నందుకు సగం, ఆ చివరి మాటకు సగం. టీచరు వీణ ముందు కూర్చున్నారు.

"పాపా, మీ నాయన చెయ్యి పట్టుకోని ఈడ, వీణ కుండ మీద పెట్టు" అన్నారు.

పెట్టాను. ఆమె లావు తీగ మీద నెమ్మదిగా మొదలుపెట్టారు. నాయన ముందు నావైపు చిరాగ్గా చూశాడు. చెయ్యి తీయబోయి ఆగాడు. రెండో చెయ్యి కూడా పెట్టాడు.

"అబ్బా! లోపల ఎవురో మాట్లాడతాండారే!"

అంత సంతోషంగా నాయన నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. పోయేటప్పుడు గుమ్మంలో ఆగి, "రేపు ఎన్ని గంటలకు పంపాల?" అని మళ్ళీ అరిచాడు.

టీచరు ఇప్పుడు లేరు. నేను తిరుపతిలో వీణ నేర్పుతూ, అప్పుడప్పుడు కచ్చేరీలు చేస్తున్నాను. ఎవరైనా మెచ్చుకుంటే పొంగిపోతాను, అబద్ధమెందుకు. నాయన ముందువరసలో కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొడతాడు. ఇంటికొచ్చాక మాత్రం చేతులు కడుక్కుని వీణ పక్కన చేరతాడు. వాయించినదంతా ఆయన అరచేతుల కింద మళ్ళీ మొదటి నుంచి వాయిస్తాను. సభలో ఒక్కరికీ దొరకని తప్పు దగ్గర తలెత్తి నన్ను చూస్తాడు.