కళ్లు మూసుకున్న ఫోటోలు

నేను జహీరాబాద్‌లో ఒక ఫోటో స్టూడియోలో పనిచేస్తాను. పెళ్లి ఫోటోలు ఏరడానికి మా సేటు ఏఐ ఏజెంటును పెట్టించాడు. దానికున్న ఒక్కో టూల్‌ను ఎప్పుడు వాడాలో రాసిపెట్టే పని నాది. డిలీట్ టూల్ కింద, "కళ్లు మూసుకున్న ఫోటోలు పనికిరావు, పూర్తిగా తీసెయ్యాలి" అని రాశాను.

మొన్న కోహీర్ నుంచి ఒక రైతు వచ్చాడు. "మా అమ్మ పోయింది బిడ్డా. మా పిల్ల పెండ్లిల మీరు తీసిన ఫోటో ఒకటియ్యి, దినాలకు పెడ్తం. ఇంకేడ ఫోటో దిగలే."

ఎంత వెతికినా ఒక్కటీ లేదు. ఆమె ఎలా ఉండేదని అడిగాను.

"పుట్టినసంది చూపు లేదు. కండ్లు మూసుకునే ఉంటుండె."

నేను రాసిన మాట ప్రకారం ఏజెంటు ఆమె ఫోటోలన్నీ తీసేసిందని చెప్పేశాను.

"జర మల్ల సూడమ్మా. కండ్లు లేకుంటేంది, మొగమైతే ఉండె గద!"

డిలీట్ టూల్ కింద నేను రాసిన వాక్యం అప్పుడే దిద్దాను. ఆమె ముఖాన్ని ఎక్కడి నుంచి తేను?