గ్రౌండ్ల సారీ లేదు

మా పీటీ మేడమ్ పోయారని మంగళవారం పొద్దున అమ్మ చెప్పింది. నేను కంపెనీ బస్సుకు టైమవుతోందని చెప్పులు వేసుకుంటున్నాను. "మీ మేడమ్ పోయారటే. మళ్లీ స్ట్రోక్ వచ్చిందట," అంది. అంతకు రెండు రోజుల ముందే, ఆదివారం సాయంత్రం, నేను ఆవిడ మంచం ఎదురుగా కూర్చుని ఉన్నాను. ఆ సాయంత్రమే నన్ను వదలడం లేదు.

ఆవిడ మా కాన్వెంటులో త్రోబాల్ ఆడించేవారు. బంతిని రెండు చేతులతో పట్టి నెట్ మీదుగా విసిరే ఆట అది. ఒక్క చేత్తో పట్టుకుంటే ఫౌల్. నేను లైబ్రరీ పీరియడ్ కోసం వారమంతా ఎదురుచూసే రకం. కోర్టులో ఎప్పుడూ వెనక మూలన, బంతి రాని చోట నిలబడేదాన్ని. ఒకరోజు అక్కడికీ వచ్చింది. కళ్లు మూసుకున్నాను. భుజానికి తగిలి పోయింది.

"సారీ మేడమ్," అన్నాను.

"ఎవరికే సారీ? నాకా, బాల్‌కా?"

"బాల్‌కి," అన్నాను.

"దానికి చెవులున్నయా?"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "గ్రౌండ్ల సారీ లేదు. ఇంకో బాల్ వస్తది, గది సూడు."

మేము క్లాసులో దగ్గినా సారీ చెప్పే పిల్లలం. ఆ మాట అనేస్తే ఇక మనల్ని ఎవరూ ఏమీ అనరు. కానీ అది అనేలోపు తర్వాతి బంతి మీదికొస్తుంది. ఆవిడకు ఆ సంగతి తెలుసు.

భయపడొద్దని మాత్రం ఎన్నడూ అనలేదు. "భయపడు బిడ్డా. గని చేతులు ముందర వెట్టి భయపడు," అనేవారు. పొగిడేవారు కాదు. విజిల్‌ను చున్నీ చివర ముడేసుకుని గీత పక్కనే నడుస్తూ, చూసింది చూసినట్టు చెప్పేవారు. "ఇయ్యాల కండ్లు మూస్కోలే." ఇంకోరోజు, "చేతులు జల్దీ లేసినయ్." అంతే. శభాష్ అని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. కళ్లు మూసుకోలేదన్నది నిజం కాబట్టి నమ్మాను. పదో తరగతికి వచ్చేసరికి ముందు వరుసలో ఆడాను. గొప్పగా ఏం కాదు. అయినా ముందు వరుసలోనే.

మొన్న చలికాలంలో స్ట్రోక్ వచ్చి ఆవిడ కుడి చేయి పడిపోయింది. మా ఊరు ఇంద్రేశంలో వాళ్ల ఇల్లు మా పక్క వీధిలోనే. సాయంత్రం బస్సు దిగి అటే వెళ్లేదాన్ని. ఫిజియోథెరపీ అమ్మాయి ఒక స్పాంజి బంతి ఇచ్చి, ఎవరైనా విసిరితే రెండు చేతులతో పట్టమని చెప్పిందట. నేను స్టూలు మీద కూర్చుని విసిరేదాన్ని. ఎడమ చేత్తో సులువుగా పట్టేసేవారు. పట్టి, "ఫౌల్," అని నా మీదికే విసిరేవారు. మళ్లీ గ్రౌండ్‌కు పోవాలని ఆవిడ కోరిక. "ఎప్పుడొస్తారు మేడమ్?" అంటే, "రెండు చేతులతోని పట్టిన నాడు," అనేవారు.

కుడి చేయి సమయానికి లేచేది కాదు. బంతి ఒళ్లో పడి, అక్కణ్నుంచి నేల మీదికి జారేది. జారిన ప్రతిసారీ, "సారీ బిడ్డా," అనేవారు.

మొదట నేను సరిగా వినలేదేమో అనుకున్నాను. తర్వాత గమనిస్తే, బంతికే కాదు. ఆవిడ భర్త షిఫ్టు నుంచి వచ్చి నీళ్లు తాగిస్తే సారీ. జడ వేస్తే సారీ.

"ఏందే నీ సారీ? నేనేమన్న బయటోన్నా?" అని అంకుల్ కసిరేవారు.

"గీ జడ సూస్తే నువ్వే నాకు సారీ చెప్పాలె," అని ఒకసారి ఆవిడ నవ్వించారు కూడా. కానీ మరుసటి రోజు మళ్లీ అదే మాట.

ఒక సాయంత్రం ధైర్యం చేసి అన్నాను. "గ్రౌండ్‌లో సారీ లేదన్నారు కదా మేడమ్."

"గది గ్రౌండ్ ముచ్చట బిడ్డా. ఇది ఇల్లు."

గ్రౌండ్‌లో బంతి జారితే ఇంకో బంతి వస్తుంది. ఇంట్లో జారితే ఎవరో ఒకరు వంగి తీయాలి. వంగే మనిషి ఆవిడ కళ్ల ముందే ఉంటాడు.

అప్పటినుంచి నేనూ చూసింది మాత్రమే చెప్పాను. "ఇవాళ వేళ్లు కదిలాయి మేడమ్."

ఆవిడ వేళ్ల వైపు అనుమానంగా చూసుకునేవారు. "నిజంగనా, నా కోసం చెప్తున్నవా?"

"నిజంగానే మేడమ్."

ఆ ఆదివారం బంతి విసిరితే కుడి చేయి కొద్దిగా లేచింది. బంతి వేళ్లకు తగిలి, కింద పడి, మంచం కిందికి దొర్లిపోయింది. నేను వంగబోయాను. "ఉండనియ్," అన్నారు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. సారీ అనలేదు. నేను సంబరంగా ఇంటికొచ్చి, "ఈరోజు మేడమ్ సారీ అనలేదమ్మా," అని చెప్పాను.

ఇప్పుడు ఆ మౌనాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాను. గ్రౌండ్ మీది మనిషి ఆవిడలోకి తిరిగొచ్చారా? ఇంకో బంతి రాదని తెలిసిపోయిందా? రెండింట్లో ఏదైనా మనిషి సారీ అనదు. చదివే మీలో ఎవరైనా తేడా కనిపెట్టగలరేమో, నాకు చేతకావడం లేదు.

ఆవిడను సాగనంపి అంకుల్ తిరిగొచ్చేసరికి మేము గది కడుగుతున్నాం. మంచం జరిపితే స్పాంజి బంతి దుమ్ముతో దొర్లుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. ఆయన వంగి, దాన్ని రెండు చేతులతో తీసుకున్నారు. ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డారు.