మామ బిగించిన నత్తగుల్ల

ముందే ఒప్పుకుంటాను, నేను ఒకటికి పది చెప్పే మనిషిని. మా ఇంట్లో నా మాటను పదితో భాగించి వినడం ఎప్పటినుంచో అలవాటు. పెళ్లికి వెయ్యిమంది వచ్చారని నేనంటే మా ఆవిడ వందమందిని లెక్కేసుకుంటుంది, జ్వరం కొండెక్కిందని నేనంటే నుదురు తాకి చూడకుండానే కాఫీ గ్లాసు చేతికిస్తుంది. మీరూ అలాగే భాగించుకుంటూ చదవండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఒక్కచోట మాత్రం ఆ లెక్క పనిచేయదు. అది ఎక్కడో, చివర్లో నేనే చెబుతాను. ఇప్పుడే చెప్పేంత ధైర్యం ఉంటే ఈ పాతికేళ్లూ నోరు మూసుకుని ఉండేవాణ్ణే కాదు.

పోయిన నెల నెల్లూరులో కొత్త కారు తీసుకున్నాం. తాళాలు అందుకునేటప్పుడు ఇంటి పెద్ద ఒకరు పక్కన ఉండాలని ఉదయగిరి నుంచి మా మేనమామను పిలిపించాను. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి. వెనక సీట్లో కూర్చుని, కొత్త రెగ్జిన్ వాసన చూస్తున్నాడు. షోరూం అమ్మాయి ఏ మీట నొక్కితే ఏమవుతుందో అన్నీ వివరించి, ఆఖరున, "ఇది టర్బో ఇంజిన్ సార్. దూరం నుంచి వేగంగా వచ్చినప్పుడు టక్కున ఆపేయకండి, ఒకట్రెండు నిమిషాలు ఊరికే ఆడనిచ్చి ఆపండి" అంది. నేను తల ఊపి ఇంజిన్ ఆపబోతూ అద్దంలోకి చూశాను. మామ కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చాలాసేపటికి ఆయన కళ్లు తెరిచి, "ఇంక ఆపు" అన్నాడు. ఆ అమ్మాయి గడియారం చూసుకుని, సరిగ్గా రెండు నిమిషాలని నవ్వింది. ఆమెకది వింత. నేను మాత్రం అద్దంలోకి మళ్లీ చూడకుండా ఇంజిన్ ఆపాను.

ఆ రోజుల్లో మామకు ఉదయగిరిలో లేత్ షెడ్డు ఉండేది. బోరు మోటార్ల ఇరుసులు, ట్రాక్టరు బుష్షులు, మర్రిపాడు మీదుగా బద్వేలు పోయే లారీల విరిగిన సామాన్లు, అన్నీ అక్కడికే వచ్చేవి. మామ చెయ్యి ఎంత సన్నమంటే తలవెంట్రుకను నిలువునా చీల్చి, రెండు ముక్కలకూ మరలు తొలవగలడు. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. షెడ్డులో నా ఉద్యోగం పేరుకు మెకానిక్కు. అసలు పని గిరాకీ విసుక్కుని లేచిపోకుండా కబుర్లతో కూర్చోబెట్టడం. ఆ పనిలో నన్ను మించినవాడు జిల్లాలో లేడు, దీన్ని భాగించనక్కర్లేదు.

తిరిగే లేత్ దగ్గర చేతికి గడియారం ఉండకూడదు, పట్టీ తగులుకుంటే చెయ్యే పోతుంది. అందుకని మామ కాలాన్ని ప్రార్థనలతో కొలిచేవాడు. మాది తాతలనాటి నుంచి బాప్టిస్టు కుటుంబం. ఎర్రగా కాల్చిన ఉలి నీళ్లలో ముంచే ముందు అర ప్రార్థన, అతికిన చోట చల్లారడానికి రెండు, బేరింగు నూనెలో నానడానికి పన్నెండు. కొలత ఎప్పుడూ 'పరలోకమందున్న మా తండ్రీ' అని మొదలయ్యే పరలోక ప్రార్థనే, ఎందుకంటే అది పొడుగు మారదు. వచ్చిన రైతులు కూడా "ఇంకెన్ని ప్రార్థనలు పడతాది అన్నా" అని అడిగి బీడీ ముట్టించుకునేవాళ్లు.

అలాంటి షెడ్డు ముందు ఒకరోజు ఎర్రటి స్పోర్ట్సు కారు ఆగింది. రెండే తలుపులు. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే కింద పోయే చీమలు వంగి పోవాల్సి వచ్చేది. అది ఉదయగిరి ఎరువుల కొట్టు శెట్టిగారి అల్లుడిది, మద్రాసు నుంచి వేసుకొచ్చాడు. అత్తగారిని వెనక సీట్లోకి ఎక్కించడానికి ఒక పూట, దించడానికి ఒక పూట పట్టిందని ఊళ్లో చెప్పుకున్నారు. చెప్పింది నేనేననుకోండి. అతగాడి బాధ వేరు. కారు రూపం గుర్రంలా ఉన్నా ఇంజిన్‌లో చేవ చచ్చింది, ఎత్తు ఎక్కేటప్పుడు వేరుశనక్కాయల లారీ కూడా హారన్ కొట్టి దాటిపోతోంది. లారీలకుండే టర్బో దీనికి బిగించగలరా అని మామను అడిగాడు. బాగా కుదిరితే మద్రాసులో అదే కారున్న స్నేహితులు పదిమంది ఉన్నారని, అందరికీ ఇక్కడి నుంచే సెట్లు తయారుచేసి పంపవచ్చని కూడా అన్నాడు.

ఆ మాటకు మామ కళ్లలో వచ్చిన వెలుగు నాకింకా గుర్తుంది. ముప్ఫై ఏళ్లుగా ఎవరో చేసినదాన్ని బాగుచేయడమే తప్ప, ఇది నేను చేసినది అని చెప్పుకునే వస్తువు ఆయన చేతి నుంచి ఒక్కటీ బయటికి పోలేదు. ఆ సాయంత్రమే షెడ్డు గోడ మీద సుద్దముక్కతో మొత్తం సెట్టు బొమ్మ గీశాడు. కింద తన పేరులో మొదటి అక్షరం వేసి, మళ్లీ సిగ్గుపడి చెరిపేశాడు.

టర్బో అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంజిన్ వదిలేసే పొగతో ఒక చిన్న ఫ్యాను తిరుగుతుంది, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న ఫ్యాను ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోస్తుంది. ఆకారం అచ్చం నత్తగుల్ల, కాబట్టి మా షెడ్డులో దాని పేరు నత్త. కారు వేగం పెంచడానికి నత్తను బిగిస్తున్నామని నేను ఎంతమందితో అన్నానో లెక్కలేదు. లారీ నత్త చిన్నపిల్లాడికి తాత చెప్పులు తొడిగినట్టయింది. నెల్లూరు పాత ఇనుము కొట్లలో వెతికి చిన్నదాన్ని తెచ్చాం. దాన్ని ఇంజిన్‌కు కలిపే పలక మొదటిసారి వేడికి పగిలింది, రెండోసారి వంగింది, మూడోసారి గాలి కారింది. నాలుగోది నిలిచింది. మొదటి పరీక్షలో గాలి గొట్టం ఊడి, ఆకాశానికెగిరి, పక్క టీ అంగడి పాలగిన్నెలో పడింది. భాగించుకుంటే, అంగడి రేకు మీద పడింది.

అన్నిటికంటే మామను తిప్పలు పెట్టింది నూనె పైపు. ఆ ఇరుసు గిరగిరా తిరిగేది పలచటి నూనె పొర మీద. నూనె అందకపోతే అది క్షణం బతకదు. పైపు రంధ్రం ఎంత ఉండాలన్నదాని మీద మామ వారం రోజులు తిండి మీద ధ్యాస లేకుండా కూర్చున్నాడు. అన్నం తెచ్చిన అత్తయ్య చూసి చూసి, "ఏంది ఆ నత్తను మూణ్ణెల్ల నుంచి సాకతా ఉండావు, గుడ్లేమన్నా పెడతాదా?" అంది. "పెడతాది, పది పెడతాది" అన్నాడు మామ. ఆయన నవ్వుతూ ఎదురు మాట చెప్పడం నేను చూసింది ఆ మూడు నెలల్లోనే.

పని పూర్తయిన వారమే ఆత్మకూరులో శెట్టిగారి బంధువుల పెళ్లి. మద్రాసు స్నేహితులు కూడా వస్తున్నారు, కారు నేరుగా మండపం దగ్గరికి తెప్పించమని అల్లుడు కబురు పెట్టాడు. ఆ రోజు ఆదివారం. మామ ఆరాధన మానడు, నేను మానగలను, కాబట్టి నేనే నడిపేటట్టు కుదిరింది. మామ గుడికి పోయే తెల్లచొక్కాతోనే వచ్చి, బానెట్ మీద చెయ్యిపెట్టి చిన్న ప్రార్థన చేసి, నా వైపు తిరిగాడు.

"ఒరే అబ్బయ్యా, పోయినాక ఇంజిన్ టక్కున ఆపబాక. నత్త నిప్పుకణిక మాదిరి కాలి ఉంటాది. ఇంజిన్ ఆగితే నూనె ఆగతాది, ఉండే నూనె ఆడనే మాడి బొగ్గయిపోతాది. బండి నిలిపి ప్రార్థన మూడుసార్లు చెప్పుకో, అప్పుడు ఆపు. నువ్వు గుళ్లో మింగేసినట్టు కాదు, ఆమేన్ దాకా నిదానంగా."

ఆ ప్రయాణం గురించి నేను ఇప్పటికి ఓ వందసార్లు చెప్పి ఉంటాను. నత్త ఈల వేయడం మొదలుపెట్టేసరికి ఉదయగిరి కొండ అద్దంలో గులకరాయంత అయిపోయింది. దారిలో మేకల మందను దాటితే ఆ గాలికి యాభై మేకలు తల ఉన్నచోటికి తోక వచ్చేలా గిర్రున తిరిగాయి. ఎత్తుల మీద లారీలు ఆగి ఉన్నాయేమో అనిపించింది. ఎదురుగా వచ్చే బస్సు డ్రైవరు నా మొహం చూడలేదు, ఎర్ర గీత మాత్రమే చూశాడు. ఎండలో మెరుస్తున్న ఆత్మకూరు రోడ్డు మీదికి నేను చేరేసరికి, మామ గుళ్లో ఇంకా రెండో పాట దగ్గరే ఉన్నాడు.

మండపం ముందు బండి నిలిపి మొదటి ప్రార్థన మొదలుపెట్టానో లేదో, బస్టాండు వైపు నుంచి శవయాత్ర వచ్చింది. మా వైపు శవం ఎదురైతే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపడం మర్యాద, ఆపకపోతే పెద్దవాళ్లు మొహం మీదే తిడతారు. నాలుగు డప్పులు, దారి పొడవునా బొరుగులు, బంతిపూలు. పోయినాయన ఎవరో పండు ముసలాయన, ఆరుగురు కూతుళ్లు వెనక ఏడ్చుకుంటూ వస్తున్నారు. నేనేం చేసేది? తాళం తిప్పి ఇంజిన్ ఆపాను, తల వంచుకుని నిలబడ్డాను.

అరగంట తర్వాత అల్లుడు భోజనం చేసి, స్నేహితులను ఎక్కించుకుని బండి తీశాడు. ఈల రాలేదు. ఇనుము ఇనుమును గీరే చప్పుడు వచ్చింది. తర్వాత నీలం పొగ, ఎంత పొగంటే మండపంలో పెళ్లికొడుకు ఎవరి మెడలో తాళి కడుతున్నాడో పురోహితుడు చేత్తో తడిమి చూసుకోవాల్సి వచ్చింది. మద్రాసు స్నేహితులు దగ్గుతూ దిగారు, నవ్వుతూ వెళ్లారు. కారును ట్రాక్టరుకు కట్టి ఉదయగిరికి లాక్కొచ్చాం. పొద్దున నా గాలికి తిరిగాయన్న మేకలు సాయంత్రం నన్ను దాటిపోయాయి.

మామ నత్తను విప్పాడు. లోపల ఇరుసు చుట్టూ నూనె మాడి, పెనానికి పట్టిన నల్లటి మడ్డిలా ఉంది. దాన్ని గోటితో గీకి, వాసన చూసి, నా వైపు తిరిగాడు.

"మూడుసార్లు చెప్పినావా రా?"

"చెప్పినాను మామా. నాలుగోసారి కూడా సగం చెప్పినాను."

చూడండి, అబద్ధంలో కూడా నేను సగం ఎక్కువే వేశాను. పక్కనే నిలబడ్డ శెట్టిగారి అల్లుడు, "లారీ మెకానిక్కు చేత కారు పని చేయించడం నాది బుద్ధి తక్కువ" అన్నాడు. మామ చేతులు తుడుచుకుంటూ, "పైపు సన్నంగా పెట్టినాను బాబూ. తప్పు నాదే" అన్నాడు. నన్ను కాపాడటానికి అన్న మాట కాదది. అలా అయినా నాకు కొంత బాగుండేది. ఆయన నన్ను నమ్మాడు. మేనల్లుడు ప్రార్థన విషయంలో అబద్ధమాడడు కదా, అయితే తప్పింది తన చెయ్యే అయి ఉండాలి అనుకున్నాడు. మరునాడు నేను షెడ్డుకు వచ్చేసరికి గోడ మీద సుద్దబొమ్మ లేదు, తడిగుడ్డతో తుడిచిన మరక ఉంది. మామ మళ్లీ బుష్షులకూ ఇరుసులకూ పోయాడు. కొత్తగా ఏదైనా చేసిపెట్టమని ఎవరడిగినా, నా కొలత నమ్మకమైంది కాదులేయ్యా అనేవాడు. వెంట్రుకను చీల్చే చెయ్యి, ఒకసారి కొలిచినదాన్ని మూడుసార్లు కొలవడం మొదలుపెట్టింది.

పోయిన నెల కొత్త కారులో ఇంటికి తిరిగి వస్తుంటే, సంగం దగ్గర మామ కిటికీలోంచి చూస్తూ ఉన్నట్టుండి అన్నాడు. "ఆ పైపు ఇంకో నూలు లావు పెట్టి ఉంటే బతికుండునేమో రా." నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పాతికేళ్లుగా ఆయన ఆ ఎనిమిదో వంతును మోస్తున్నాడు. నేను నోరు తెరిచాను. పెన్నలో ఈసారి నీళ్లు బాగా ఉన్నాయని అన్నాను.

ఇప్పుడు మామ షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల అంగడి ఉంది. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపిన తర్వాత కూడా కాసేపు దానంతటదే చల్లార్చుకునే ఏర్పాటు ఉందట, మనిషి ఆగి కనిపెట్టుకుని ఉండనక్కర్లేదు. ఇనుము చల్లారేదాకా కళ్లు మూసుకుని కూర్చునే మనుషులు నాకు తెలిసి ఇక ఆయనొక్కడే. ఆ రెండు నిమిషాలు బండి కోసమే అనుకునేవాణ్ణి. మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకోవడానికి కూడా అవి పనికొచ్చేవేమో, నేనెప్పుడూ ఆగి చూడలేదు కాబట్టి తెలియదు.

ఇక ఆ భాగించకూడని చోటు. మేకలు యాభై కాదు, అయిదారు ఉంటాయి. పొగ మండపం గడప దాటలేదు. వీటికి మీ లెక్క సరిపోతుంది. శవయాత్రను మాత్రం పదితో భాగించినా, నూరుతో భాగించినా ఏమీ మిగలదు. ఆ రోజు ఆ రోడ్డున ఏ శవమూ పోలేదు. డప్పులూ, బొరుగులూ, ఆరుగురు కూతుళ్లూ, అంతా నేను ఏటేటా కొంత కొంత చేర్చుకుంటూ, ముందు నాకు నేనూ, తర్వాత మా ఆవిడకూ చెప్పుకున్నది. జరిగింది ఇంతే. బండి నిలపగానే జనం చుట్టూ మూగారు. ఎట్లా వచ్చిందబ్బయ్యా అని అడిగారు. చెబుతూ చెబుతూ నేను మేకల ముచ్చట దగ్గరికి వచ్చాను, ఎవరూ నవ్వలేదు. ఇంజిన్ మోతలో నా మాట వినపడటం లేదు. వినపడాలని తాళం తిప్పాను. మొదటి ప్రార్థనలో మొదటి మాట కూడా అప్పటికి నా నోట్లోకి రాలేదు. తర్వాత అందరూ బాగా నవ్వారు.

ఈ కాగితాలు అత్తయ్య చదివి వినిపిస్తుంది, మామకు ఇప్పుడు సన్న అక్షరాలు ఆనడం లేదు. నత్త గుడ్ల దగ్గర ఇద్దరూ నవ్వుకుంటారు. ఇక్కడిదాకా వచ్చాక ఏం చేస్తారో నాకు తెలియదు. మామా, పైపు సరిగ్గానే ఉండింది. నూలు కాదు గదా, వెంట్రుకంత కూడా తక్కువ లేదు.