నీళ్ళెక్కువైన కుండీ

నా భార్య రొంపిచెర్లలో వాళ్ళ అన్న ఇంటికి వెళ్ళిపోయినప్పుడు బట్టలు, కుట్టుమిషను తీసుకెళ్ళింది. డాబా మీద తొమ్మిది కుండీలు మాత్రం వదిలేసింది. ఆటో కుదుపులకు ఆకులు రాలిపోతాయని. సక్యులెంట్లు అంటారు వాటిని. కాండం కనపడదు. దళసరి ఆకులు ఒకదాని చుట్టూ ఒకటి పేర్చుకుని, విచ్చిన పువ్వులా ఉంటాయి.

మా మధ్య పెద్ద గొడవేమీ జరగలేదు. పన్నెండేళ్ళలో మెల్లగా మాటలు ఆగిపోయాయి, అంతే. చిలకలూరిపేట పత్తి జిన్నింగ్ మిల్లులో కాటా దగ్గర పని చేసి నరసరావుపేటలో ఇల్లు చేరేసరికి నాకు ఓపిక ఉండేది కాదు. ఆమె అన్నం పెట్టేది, నేను తినేవాణ్ణి.

ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ కుండీల వంక చూడని నేను, వెళ్ళిపోయాక రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్ళు పోశాను. ఇంట్లో నా కోసం ఎదురుచూసేవి అవే అనిపించేది. నెల తిరక్కుండానే అడుగు ఆకులు నీరుపట్టి, ముట్టుకుంటే ఊడొచ్చాయి. మూడు మొక్కలు కుళ్ళిపోయాక ఫోన్ చేశాను.

“ఏంది?” అంది.

“నీ మొక్కలు చచ్చిపోతన్నయ్.”

“ఎన్నాళ్ళకోసారి పోస్తన్నారు నీళ్ళు?”

“రోజూ.”

“రోజూ పొయ్యమాకండి. మట్టి అడుగుదాకా ఎండినాకే పొయ్యాల. బాగున్న ఆకులు తుంచి ఇసక మీద ఊరికే పెట్టండి, పాతమాకండి. నీడన ఉంచండి.”

అట్లాగే చేశాను. పాత ట్రేలో ఇసుక పోసి ఇరవై ఆకులు పరిచాను. చానా మటుకు ముడుచుకుపోయాయి. ఆరు ఆకులకి మాత్రం తుంచిన చోట గులాబీరంగు వేళ్ళు దారపుపోగుల్లా వచ్చాయి. వాటి మధ్య మినపగింజంత పిలకలు. ఆ సంగతి చెప్పడానికి మళ్ళీ చేశాను. తర్వాత ప్రతి ఆదివారం చేసేవాణ్ణి. ఎండాకాలం పరదా కట్టమంది. మట్టిలో ఇటుకముక్కలు కలపమంది. మొక్కలు తప్ప వేరే మాట రాలేదు. అయినా ఆ పది నిమిషాల కోసం వారమంతా చూసేవాణ్ణి.

ఒక ఆదివారం ఆమే అంది, “ఇంక మీకు అన్నీ తెలిసినయిగా. నేను చెప్పేదేముంది?”

ఆ ఫోన్లు కూడా ఆగిపోతాయేమోనని, “ఒకటి కుళ్ళతంది,” అని అబద్ధమాడాను.

“ఫోటో పెట్టండి, చూస్తా.”

కుళ్ళిన మొక్క నా దగ్గర లేదు. సిగ్గుగా ఉంది చెప్పడానికి. ఆ రోజు నుంచి బాగా ఎదిగిన మొక్క ఒకటి పక్కకి తీసి, కుండీ అడుగున రంధ్రం మూసి, పొద్దున్నా సాయంత్రం నీళ్ళు పోశాను. పదిరోజులకి మొదలు నల్లబడింది. ఫోటో తీసి పంపాను.

వెంటనే ఫోన్ చేసింది. వెళ్ళాక తనంతట తాను చేయడం అదే మొదటిసారి.

“తెలిసే పోశారు కదా?”

అవునన్నాను.

“మొక్కనెందుకండీ చంపడం? మాట్లాడాలనుంటే మాట్లాడొచ్చుగా. చెప్పండి, వింటన్నా.”

మిల్లు గురించి చెబుదామా, వంట గురించా, ఇల్లు ఎట్లా ఉందో చెబుదామా అనుకున్నాను. ఒక్కటీ నోటిదాకా రాలేదు. అవతల కుక్కరు కూత, ఎవరో పిల్లలు అరవడం వినిపిస్తున్నాయి.

“తిన్నావా?” అన్నాను చివరికి.

“ఇంకా లేదు. పొయ్యి మీద కూర ఉంది,” అని పెట్టేసింది.

తర్వాత ఆదివారం నేను చెయ్యలేదు, ఆమె కూడా చెయ్యలేదు. నీళ్ళిప్పుడు మట్టి ఎండాకే పోస్తున్నాను. మొక్కలు బాగానే ఉన్నాయి.