పాప కంచంలో మిగిలిన పెరుగన్నం

పాప నిద్రపోయింది. మా ఆయన లోపలి గదిలో ఇంకా కాల్‌లో ఉన్నాడు. శనివారం పొద్దున పరగడుపున ఆయన షుగర్ పరీక్షకి రక్తం ఇవ్వాలి. మూణ్ణెల్ల సగటు చెప్పే ఆ పరీక్షలో షుగర్ దిగకపోతే మందు పెంచుతానన్నాడు డాక్టరు. పెంచితే ఏమవుతుంది? ఏమీ కాదు, ఎంతమంది వేసుకోవట్లేదు! అది నాకు తెలుసు. తెలిసినా కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఇందాకే కడిగిన గిన్నె మళ్ళీ కడిగాను. ఇక లాభం లేదని ఇది రాస్తున్నాను.

ఆయనకు షుగర్ ఉందని ఆఫీసులో అందరికీ చేసే పరీక్షల్లో తేలింది. రాయదుర్గంలో ఆఫీసు నుంచి గోపన్‌పల్లిలో ఇంటికి వచ్చేసరికి ట్రాఫిక్‌లోనే రిపోర్టు అంతా చదివేసినట్టున్నాడు. తలుపు తీయగానే ఫోన్ నా చేతిలో పెట్టి, "మా నాన్న ఆస్తి నాకూ వచ్చింది చూడు" అని నవ్వాడు. ఇంకా నలభై నిండలేదు. నాకు నవ్వు రాలేదు. మా మామగారికి షుగర్ వల్ల కాలివేలు తీసేశారు. మా పెళ్ళిలో అందరూ చెప్పులు విప్పి మండపం ఎక్కితే, ఆయన ఒక్కరే మెత్తటి బూటు వేసుకుని కింద కుర్చీలో కూర్చుని అక్షింతలు వేశారు. రిపోర్టు చూస్తుంటే నాకు కనిపించింది అంకెలు కాదు, ఆ బూటు.

ఆహారం సంగతి చెప్పే ఆవిడ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆవిడ చాలా మామూలుగా చెప్పింది. అన్నం మానెయ్యక్కర్లేదు, తగ్గించండి. కంచంలో సగం కూరలు ఉండనివ్వండి. ముందు కూర, పప్పు తినండి, అన్నం చివర్లో కొద్దిగా పెట్టుకోండి. తిన్నాక ఇద్దరూ కాసేపు నడవండి. నేను తల ఊపి ఇంటికొచ్చి రాత్రి అన్నం పూర్తిగా మాన్పించాను. తగ్గించడం అంటే ఎక్కడ ఆపాలో రోజూ తేల్చుకోవాలి. మానెయ్యడంలో ఆ బాధ లేదు.

మా అమ్మవాళ్ళది వికారాబాద్ వైపు. రాత్రిపూట జొన్నరొట్టె మాకు చిన్నప్పటినుంచీ అలవాటే. ఆయనది కాకినాడ. ముందు పప్పు, తరవాత పులుసు, ఆఖరున పెరుగు, అన్నీ అన్నంతోనే. పెరుగన్నం పడితేగాని వాళ్ళకి చెయ్యి కడుక్కోవాలనిపించదు. మొదటి రాత్రి రొట్టె, బీరకాయ కూర, పప్పు, గిన్నెలో పెరుగు పెట్టాను. తినేసి అలాగే కూర్చున్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు.

"పెరుగు ఉందిగా."

"పెరుగు తాగడం మందు తాగినట్టుంటుందే."

నేను కంచాలు తీసేశాను. పోనుపోను ఆయనా అడగడం మానేశాడు. అలవాటు పడ్డాడనుకున్నాను. కానీ ఇంట్లో పొద్దున వేలు గుచ్చి చూసినప్పుడు అంకె నేననుకున్నంత దిగడం లేదు. ఆఫీసు మీద అనుమానం వచ్చింది. అక్కడ శుక్రవారం వస్తే ఎవరో ఒకరు బిర్యానీ తెప్పిస్తారు. ఆయన రాగానే చొక్కా వాసన చూసేదాన్ని. ఇంత చదువుకుని, పెళ్ళయిన ఇన్నేళ్ళకి, మసాలా వాసన కోసం మొగుడి చొక్కా చూడటం!

ఈ గొడవలో పాప సరిగ్గా తినడం లేదన్నది కొంచెం ఆలస్యంగా గమనించాను. దానికి నాలుగేళ్ళు. రాత్రి దానికి మాత్రం పెరుగన్నం కలిపి పెట్టి, నేను స్టవ్ తుడుచుకునేదాన్ని. వాళ్ళ నాన్న పక్కన కూర్చునేవాడు. కంచం ఖాళీగానే సింకులోకి వచ్చేది. పిల్ల ఎంగిలి తండ్రి తినడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే, పారేస్తే పాపం అంటారు. అందుకని నాకు ఏ అనుమానమూ రాలేదు.

పోయిన నెల టీకాకి తీసుకెళితే, బరువు పెరగలేదంది పిల్లల డాక్టరు. మా అమ్మ నాలుగు రోజులుండి పోదామని వచ్చి ఉంది, తనూ మాతో వచ్చింది.

"రాత్రి ఏం తింటావు బంగారం?" అని అడిగింది డాక్టరు.

"పెరుగన్నం."

"అంతా తినేస్తావా?"

"సగం నాన్నకి."

"నాన్నకెందుకు?"

"నాన్నకి అమ్మ పెట్టదు."

డాక్టరు పెన్ను ఆపి నా వైపు చూసింది. మా అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. కంగారు పడొద్దు, పిల్ల చురుగ్గానే ఉంది, దాని తిండి దాన్ని తిననివ్వండి అని పంపించింది డాక్టరు. ఆటో ఎక్కామో లేదో అమ్మ మొదలుపెట్టింది.

"ఇగ మంచిగుంది. అల్లునికి బువ్వ పెడ్తలేవని దవాఖానల చెప్పొచ్చింది నీ బిడ్డ."

"అమ్మా, జర ఊకో."

"ఎందుకు ఊకుంట? నేనొచ్చిన కాంచి చూస్తున్న. ఆయన చెయ్యి లేస్తే నీ కండ్లు లేస్తయి. గట్ల చూస్తే ఎవరికి దిగుతది ముద్ద?"

"ఆయనకి షుగర్ అమ్మా. మా మామగారి కాలు చూశావు కదా."

అమ్మ నవ్వాపింది. పాప తల నిమురుతూ, "చూసిన. గా భయం అల్లునికి లేదా బిడ్డా? దొంగతనంగ తింటే ఎంత తిన్నడో గాయినకే తెల్వది" అంది.

సాయంత్రం ఆయన బూట్లు విప్పకముందే అడిగేశాను. కాదనలేదు.

"నేను అడగలేదు. అదే కంచం తోస్తుంది నా వైపు. నువ్వు వంటింట్లోకి వెళ్ళగానే, తొందరగా తిను నాన్నా అంటుంది."

"దాని బరువు పెరగలేదు, తెలుసా?"

ఆయన ముఖం పాలిపోయింది. అప్పటిదాకా దాని కడుపు మాడుతోందని ఆయనకీ తట్టలేదు. అక్కడే కుర్చీలో కూర్చుని, "ఆ నాలుగు ముద్దలు లేకపోతే నాకు భోంచేసినట్టు ఉండదు" అన్నాడు.

"అడగొచ్చుగా నన్ను!"

"అడిగితే నీ మొహం చూడాలి."

చాలా అందామనుకున్నాను. పాప గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

మర్నాటి నుంచి ఒక రొట్టె తీసేసి, ఆయనకీ కాస్త పెరుగన్నం పెడుతున్నాం, అందరి ముందూ. కూర, పప్పు అయ్యాక, ఆఖరున. ఎంతన్నది ఆయనే పెట్టుకుంటాడు. అన్నం గరిట ఆయన చేతిలో ఉన్నంతసేపూ నేను నీళ్ళు పోస్తూనో, ఫోన్ చూస్తూనో ఉంటాను. తినగానే ముగ్గురం కిందికి దిగి అపార్ట్‌మెంట్ చుట్టూ నడుస్తున్నాం. పొద్దుటి అంకె ఒకరోజు దిగుతుంది, ఇంకోరోజు దిగదు. శనివారం ఏమొస్తుందో నాకు తెలీదు.

పాపకి మాత్రం నమ్మకం కుదరడానికి టైం పట్టింది. కొన్నాళ్ళు తన కంచం ముట్టుకునే ముందు వంగి వాళ్ళ నాన్న కంచంలోకి చూసేది. ఆయన చూపించేవాడు, "ఇదిగో, నాది నాకుంది తల్లీ" అని. అప్పుడు తినేది.

ఇవాళ రాత్రి అంతా తిని, ఒక్క ముద్ద మిగిల్చింది. నేను వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగలేదు. నా ఎదురుగానే ఆ ముద్ద పట్టుకుని అడిగింది.

"అమ్మా, ఇది నాన్నకి పెట్టనా?"

ఆయన నా వైపు చూడకుండా తన కంచంలోకి చూస్తున్నాడు. "నాన్ననే అడుగు" అన్నాను.

అడిగింది. "నాకు చాలు, నువ్వు తిను" అన్నాడు. అది నిజంగా చాలి అన్న మాటో, నేనున్నానని అన్న మాటో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. పాపకి ఆ అనుమానం లేదు. ముద్ద తన నోట్లో పెట్టుకుని, చెయ్యి కడుక్కోవడానికి పరుగెత్తింది.