పాత పర్చీలు వెంట తెచ్చుకోండి

నా కుడిచెయ్యి నా మాట వినడం మానేశాక నన్ను క్రేన్ మీద నుంచి దించి లైట్ జాబ్ ఇచ్చారు. మా ఉక్కు ప్లాంటులో ఒంట్లో బాగులేని వాళ్లకిచ్చే తేలిక పనికి అదే పేరు. పేరుకి తగ్గట్టే, పొద్దున్న స్టోరు గదిలో లైట్లు వెయ్యడం, సాయంత్రం ఆర్పడం తప్ప అక్కడ నేను పొడిచేసిందేమీ లేదు. కరిగిన ఉక్కుని తొణక్కుండా మోసిన చేతికి టీ గ్లాసు మొయ్యడం రాకుండా పోయింది. చెయ్యి ఉండీ చేతకానివాణ్ని అయ్యాను. జబ్బు పేరు పార్కిన్సన్స్ అని ప్లాంటు ఆస్పత్రి డాక్టరు చెప్పారు. మా క్వార్టర్ల సెక్టారులో దాన్ని వణుకుడు రోగం అన్నారు. కొత్తవాళ్లు మాత్రం నా వణుకుని వినయం అనుకుని తిరిగి నమస్కారం పెట్టేవారు.

మందులు ఆస్పత్రిలో ఊరికే ఇచ్చేవారు. పర్మనెంటు ఉద్యోగులకిచ్చే మెడికల్ బుక్కు చూపిస్తే కిటికీలోంచి పొట్లం వచ్చేది. వేళకి మాత్ర పడితే చెయ్యి కాస్త బుద్ధిగా ఉండేది. వేళ దాటితే దాని ఇష్టం దానిది.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. కొత్త కాపురం పెట్టినవాళ్లకి పక్కింట్లో ఉన్నవన్నీ మనింట్లోనూ ఉండాలనిపించినట్టు, రాష్ట్రానికి కూడా అన్నీ కావాలనిపించేది. హిందీ పేపర్లలో మూలకణాల గురించి తరచూ రాసేవారు. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగు చదవడం రాదు. ఆ వార్తలు హిందీలో చదివి నాకు చెప్పేది. ఒంట్లో ఏ కణంగానైనా మారగల కణాలుంటాయట. పాడైపోయిన చోట అవి మళ్లీ మొలిపించగలిగితే నాలాంటివాళ్ల వణుకు ఆగిపోవచ్చట. ఆ 'చ్చట'ని నేను పెద్దగా పట్టించుకునేవాణ్ని కాదు. వినేటప్పుడు నా చూపు కుడిచేతి మీదే ఉండేది.

ఒక ఆదివారం మా తెలుగు సంఘం సెక్రటరీ వచ్చాడు. మాకు రెండిళ్ల అవతల ఉండేవాడు, నాతో పాటు ప్లాంటులో చేసేవాడు.

"అన్నయ్యా, ఢిల్లీ నుంచి పెద్ద డాక్టర్లొస్తన్నారు. ఈ మూలకణాల రిసెర్చికి సర్కారు పైసలు పెట్టాలా వద్దా, పెడితే ఏ రూల్సు పెట్టాలి అని పబ్లిక్‌ని అడుగుతారంట. హాలు మన సంఘమే నింపాలి. పేషెంట్ల తరఫున స్టేజీ మీద నువ్వు కూకోవాలి."

"దాని గురించి నాకేటి తెలుసురా?"

"తెలియక్కర్లేదు అన్నయ్యా. కనిపిస్తే చాలు."

మా ఆవిడ వంటగదిలోంచే అంది: "కనిపిస్తే చాలన్నారని ఆ లుంగీతోనే వెళ్లిపోకండి."

నేను ఉపన్యాసం తయారు చేసుకున్నాను. 'మూలన పడ్డవాడికి మూలకణమే దిక్కు' అని మొదలుపెట్టి, డబ్బు పెట్టండి, ఎంత వీలైతే అంత పెట్టండి అని ముగించాలి. అమ్మాయికి వినిపించాను. "పాపా, జోక్స్ మత్ డాలో. వాళ్లు నీ హాథ్ చూడటానికి పిలిచారు, నీ బాత్ వినడానికి కాదు" అంది. నాన్నని పాపా అనడం, చేతిని హాథ్, మాటని బాత్ అనడం దానికి అలవాటు. నా కూతురే అని మరోసారి నమ్మకం కలిగింది.

హాలు నింపడమంటే మా దగ్గర ఒకటే పద్ధతి. ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పుతారు. కళ్ల శిబిరమైనా, షుగరు శిబిరమైనా ఆ హాల్లోనే, ఆ ఆటోతోనే, ఆ గొంతుతోనే. ఆ గొంతు మనిషికి పెద్దగా చదువు లేదు గాని ఆ పనిలో పండిపోయాడు. పాలసీ అనీ, పబ్లిక్ ఒపీనియన్ అనీ సెక్రటరీ రాసిచ్చిన కాగితం ఆటో మలుపు తిరిగేలోపే అతనికి విసుగొచ్చి ఉంటుంది. ఢిల్లీ నుంచి పెద్ద డాక్టర్లు వస్తున్నారు, నయం కాని జబ్బుల మాట మాట్లాడతారు అని హిందీలోనూ తెలుగులోనూ చెప్పి, ప్రతి శిబిరానికీ చివర చెప్పే మాట అలవాటుగా చెప్పేశాడు: పాత పర్చీలు, ఎక్స్‌రేలు వెంట తెచ్చుకోండి. డాక్టరు రాసిచ్చే చీటీని ఇక్కడ పర్చీ అంటారు. కూలీలుండే జాముల్ బస్తీలో చెప్పాడు, కోహ్కాలో చెప్పాడు.

సభ రోజు నేను వెళ్లేసరికి హాలు నిండిపోయి, వరండా కూడా నిండిపోయింది. ముందు వరసల్లో గుడ్డలు తొడిగిన కుర్చీలు ఆఫీసర్ల కోసం ఖాళీగా ఉన్నాయి. వాటి వెనక జనం. ఒక ముసలాయన్ని ప్లాస్టిక్ కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఒకావిడ మొగుడి కాలి ఎక్స్‌రేని దీపం వైపు ఎత్తి పట్టుకుని తనే చూస్తోంది. అందరి ఒళ్లోనూ పర్చీల సంచులు. చాలామంది ఠేకా కూలీలు, అంటే కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు. నేను చేసే ప్లాంటులోనో, ఆ పక్క సిమెంటు ఫ్యాక్టరీలోనో చేస్తారు, వాళ్లకి మాత్రం మెడికల్ బుక్కు లేదు.

"ఇదేటిరా?" అన్నాను సెక్రటరీతో.

"హాలు నిండిందా లేదా అన్నయ్యా?" అన్నాడు, మొహం పక్కకి తిప్పుకుని.

నన్ను స్టేజీ మీద ఫ్యాను కింద కూర్చోబెట్టి, ముందు నీళ్ల సీసా పెట్టారు. ఢిల్లీ డాక్టరు మంచాయన. ఏదీ పెంచి చెప్పలేదు. ఇది ఇంకా పరిశోధనే, వైద్యం కాదన్నారు. ఇప్పుడే నయం చేస్తామని చెప్పి సూదులు పొడిచేవాళ్లని నమ్మొద్దన్నారు. పిండాల నుంచి తీసే కణాల విషయంలో కొందరికి అభ్యంతరాలున్నాయని, ప్రజల డబ్బు కాబట్టి ప్రజల్ని అడుగుతున్నామని అన్నారు. ఏయే జబ్బులకి ఆశ ఉందో చెబుతూ నన్ను చూపించారు, తర్వాత సికిల్ సెల్ అనే నెత్తురు జబ్బు పేరు చెప్పారు. ఛత్తీస్‌గఢ్‌లో ఆ పేరు తెలియని పేట లేదు.

ఆ పేరు వినగానే వెనక నుంచి ఒకావిడ లేచింది. చంకన ఒక గుంట. చంకనెక్కే వయసు దాటిపోయిన పిల్ల, కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి.

"మా గుంటకి అదే బావూ. ఎముకలు నొప్పెడితే రాత్తిరంతా ఏడుత్తాది. మందెప్పుడిత్తారు?"

డాక్టరుగారికి తెలుగు రాదు. ఆయన పక్కనున్న, రాయ్‌పూర్ నుంచి వచ్చిన సర్కారు అధికారి నావైపు మైకు జరిపాడు. "ఆప్ హీ సమఝా దీజియే" అన్నాడు, మీరే వివరించండి అని.

ప్రజల డబ్బు పరిశోధనకి ఎందుకు పెట్టాలో చెప్పడానికి వచ్చినవాణ్ని. ఆ మాటే ఆవిడకి చెప్పాలి. నా మూలకణం మూలనే ఉండిపోయింది.

"అమ్మా, మందు ఇంకా లేదు. కనిపెట్టాలి. కనిపెట్టడానికి సర్కారు డబ్బు పెట్టమంటారా వద్దా అని మనల్ని అడుగుతన్నారు."

"పెట్టమనండి. దానికి అడగడమేటి?" అంది ఆవిడ. పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. "పెట్టి, ఎప్పుడిత్తారు?"

"చాలా ఏళ్లు పడతాది."

"చాలా ఏళ్లంటే, ఈ దసరాకా?"

వెనక ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఈలోగా అధికారి మైకు వెనక్కి తీసుకుని, పరిశోధనకి ప్రభుత్వ ధనం పెట్టాలనేవాళ్లు చేతులెత్తండి అన్నాడు హిందీలో. ఆవిడ చెయ్యెత్తింది. పక్కవాళ్లు ఆవిణ్ని చూసి ఎత్తారు. "నంబరు రాసుకుంటన్నారేమో, ఎత్తు ఎత్తు" అని ఒకడు ముసలాయన చెయ్యి తనే పైకెత్తి పట్టుకున్నాడు. హాలంతా చేతులు. కొన్ని చేతుల్లో పర్చీలు.

నా చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను.

అధికారి వైపు వంగి చెప్పాను, మైకు లేకుండా: "సార్, వాళ్లు దవాయి కోసం ఎత్తుతున్నారు. పాలసీ కోసం కాదు."

ఆయన నవ్వాడు. "బాత్ తో ఏక్ హీ హై నా, అంకుల్." రెండూ ఒకటేగా అనేసి, జనం పూర్తి మద్దతు అని రాసుకున్నాడు.

ఒకటేనేమో, ఒకటి కాదేమో, నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ చేతులన్నీ లేచిన క్షణంలో నాకు లోలోపల సంతోషం వేసింది. ఇంతమంది అడిగితే పెడతారు, పెడితే త్వరగా వస్తుంది, వస్తే ముందు మెడికల్ బుక్కు ఉన్నవాళ్లకే వస్తుంది. ఆ లెక్క నా మనసు నన్నడక్కుండానే వేసేసింది. నాకు చెయ్యి మీదే పట్టు లేదనుకున్నాను. పిల్లని చంకన పెట్టుకుని చెయ్యెత్తిన ఆవిడ వైపు ఆ తర్వాత చూడలేకపోయాను.

సభ అయ్యాక వరండాలో టీ ఇచ్చారు. పర్చీలు చూస్తారేమోనని కొందరు ఇంకా వరసలో నిలబడే ఉన్నారు. సెక్రటరీ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి "ఇది ఆ శిబిరం కాదమ్మా, ఇంకోసారి పెడతాం" అని చెబుతున్నాడు. నేను గోడ పక్కన నిలబడ్డాను. మాత్ర వేళ దాటిపోయింది. చెయ్యి గ్లాసుని కుదిపేసి సగం టీ చొక్కా మీద పోసింది. అప్పుడే ఎవరో గ్లాసు అడుగున చెయ్యి వేసి ఆపారు. ఆవిడే. పిల్ల పక్కన నిలబడి ఆవిడ చీర చెంగు పట్టుకుని ఉంది.

"తాగు బావూ, నాను అట్టుకుంటాను."

రెండు గుక్కలు తాగాను. ఆవిడ నా చేతిని చూస్తోంది.

"స్టేజీ మీద కూకోబెట్టినారు గదా. నీకూ ఇయ్యలేదేటి?"

"ఇవ్వలేదమ్మా."

"ఇదేటి సోద్యం. నీకే ఇయ్యకపోతే మాకేటిత్తారు" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

నేను చెప్పింది అబద్ధం కాదు, ఆ మందు నాకూ ఇవ్వలేదు. కాని నా చొక్కా జేబులో ప్లాంటు ఆస్పత్రి పొట్లం ఉంది, టీ మరక పక్కనే. మాత్ర తీసి వేసుకుంటే చెయ్యి కాసేపటికి నిమ్మళించేది. ఆవిడ ముందు జేబులో చెయ్యి పెట్టలేకపోయాను. "పిల్లకి నొప్పి తగ్గడానికి మన ఆస్పత్రిలో చూపించండి" అని అనబోయి, 'మన' అనే మాట దగ్గర ఆగిపోయాను.

ఆవిడ ఖాళీ గ్లాసు కింద పెట్టి, పిల్లని మళ్లీ చంకనెత్తుకుంది. "జాగర్త బావూ" అని గేటు వైపు నడిచింది. జాముల్ టెంపోల దగ్గరికి చాలా దూరం. నా కోసం సంఘంవాళ్లు పెట్టిన కారు గేటు లోపలే ఆగి ఉంది, డ్రైవరు హారన్ కొట్టాడు. నేను కదల్లేదు. ఆవిడ గేటు దాటేదాకా, ఆ తర్వాత రోడ్డు మలుపు తిరిగేదాకా, గోడకి ఆనుకుని వణుకుతూ నిలబడ్డాను. మలుపు దగ్గర ఆవిడ భుజం మీద నుంచి పిల్ల వెనక్కి చూసి చెయ్యి ఊపింది. నా చెయ్యి అప్పటికే ఊగుతోంది.