సీటు కింద ఇత్తడి ట్యాపు

మా ఆయన అంగడి సరుకు తోలడానికి మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన పాత పికప్పు బండి కొన్నాడు. ఆ ఏడాది ఆయుధపూజ నాడే మా పిల్లవాడు చేతుల్లోంచి పోవాల్సింది.

కమలాపురంలో అంగడి మాది. పొద్దున మా అత్త తక్కెడకూ, తూకపు రాళ్లకూ, బండికీ పసుపు కుంకుమలు పెట్టింది. హారతి ఆరకముందే ఉయ్యాల్లో వాడు జ్వరంతో బిగుసుకుపోయి కళ్లు తేలేశాడు. వాణ్ని ఒళ్లో వేసుకుని నేను, పక్కన అత్త, బండి తోలుతూ ఆయన, కడప పెద్దాసుపత్రికి బయల్దేరాం.

ఎత్తు ఎక్కేసరికి బండి ఆగిపోయింది. ఆయన దిగి ఇంజను ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే కదిలింది, కాసేపటికి మళ్లీ ఆగింది. అలా ఆగుతూ కదులుతూ ఏ ఊరూ కనపడని చోట పూర్తిగా మొరాయించింది. ఎండ మండుతోంది. మనిషన్నవాడు లేడు. పిల్లవాడికి ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టాను. రొమ్ము మీద చెవి ఆనించి విన్నాను.

ఆయన ట్యాంకులో పుల్ల ముంచి చూశాడు. "పెట్రోలు శానా ఉండాది. ఇంజనుకే రాల్యా. ఆపేసే ట్యాపు ఒకటుండాదని అమ్మినోడు చెప్పినాడు. యాడుండాదో చూసుకోల్యా."

ఇంజను దగ్గర వెతికాడు. బండి కింద దూరి వెతికాడు.

"కొనేటప్పుడు చూసుకోవద్దా!" అని అరిచాను. అత్త ముందు ఆయన మీద గొంతు లేపడం అదే మొదలు.

"ఇత్తడిదా నాయనా? చిన్నదా?" అంది అత్త మెల్లగా. "సీటు పలక కింద ఉండాది. నల్లగా ఉంటే పొద్దున చింతపండు పెట్టి తోమినా. పూజ కదా."

లేచి పలక ఎత్తాం. దేవుడి చెంబులా మెరుస్తూ, కుంకుమ బొట్టుతో, ముప్పాతిక మూసుకుని ఉంది. తోమేటప్పుడు ఆమె చేతిలోనే తిరిగినట్టుంది. ఇంతసేపూ దాని మీదే కూర్చుని ఏడ్చాం. ఆయన తిప్పి తెరిచాడు. ఈసారి ఇంజను ఆగలేదు.

అత్తను నాలుగు మాటలు అనాలని నోటిదాకా వచ్చింది. పసుపు చేతులతో ఆమె వాడి పాదాలు రుద్దుతూనే ఉంది. వాణ్ని ఆమె వైపు ఇంకాస్త జరిపాను. ఆసుపత్రిలో సూది వేశాక వాడు కెవ్వుమన్నాడు. ఆమె అక్కడే నేల మీద కూలబడింది.

మరుసటి ఏడు ఆయుధపూజకు అత్త పళ్లెం నా చేతికిచ్చింది.

"బండికి నువ్వే పెట్టమ్మా బొట్టు."

సీటు మీద గెంతుతూ వాడు "అవ్వా, రా" అని పిలిచాడు. ఆమె గడప దిగలేదు.